బుట్ట మీద పేరు

ఓర్లేయాన్, ఫ్రాన్స్
9 మార్చి 1992

ఒరే ఇన్‌పెంగ్,

నిన్ను మళ్ళీ ఒరే అని పిలుస్తాననుకోలేదురా.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. డ్యూటీ నుంచి వచ్చి పోస్టు డబ్బా తెరిస్తే కరెంటు బిల్లు కింద ఉంది. కవరు మీద నీ రాత. నాలుగో అంతస్తు దాకా ఎక్కే ఓపిక లేక మెట్ల మీదే కూర్చుని చదివాను. పైనుంచి దిగుతున్న పోర్చుగీసావిడ "ఏమైంది, చెడ్డ కబురా?" అంది. కాదని తల ఊపాను. ఏడుస్తూ నవ్వుతున్న నన్ను చూసి ఆవిడకేం అర్థమైందో, సంచిలోంచి ఒక నారింజ పండు తీసి చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

కొత్త ప్రభుత్వం వాళ్ళు మూడు నెలల రాజకీయ పాఠాలకని శిబిరానికి పట్టుకుపోయి పన్నెండేళ్ళు ఉంచుకున్నారా నిన్ను! వాళ్ళ చేతులు పడిపోను. విడుదలై నాలుగేళ్ళయినా నా అడ్రసు దొరకలేదన్నావు. ఎలా దొరుకుతుంది, నేనే మూడు ఊళ్ళు మారాను.

మీ బావ పోయి నాలుగేళ్ళయింది. గుండె. స్నానాల గదిలో పడిపోయాడు, అంతే. నేను సెంటు సీసాలు ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో ఉన్నాను. పగలంతా సెంటు వాసన, ఇంటికొస్తే పాదేక్ వాసన. ఊరిన చేపల కుండ మూత తీశానంటే కింది అంతస్తు ఫ్రెంచి ముసలాయన చీపురు కర్రతో కప్పు పొడుస్తాడు.

ఏం తింటున్నావని కదా అడిగావు. ఇక్కడ మన ఒన్సా పెద్దమ్మ కొట్టు ఉంది. ఆవిడది మనవైపు పాక్సే, మొగుడు ఉదోన్ వైపు థాయ్ ఆయన. లాండ్రీకీ చెప్పులు కుట్టేవాడికీ మధ్య ఇరుక్కున్న ఒక్క గది. ఇద్దరు ఎదురుపడితే ఒకళ్ళు బియ్యం బస్తాల దాకా వెనక్కి నడవాలి. ఒక గోడకు మన సరుకులు, ఇంకో గోడకు థాయ్ సరుకులు, నడుమ ఈగలు. జిగురు బియ్యం, నిమ్మగడ్డి, చేపల సాసు, అన్నీ దొరుకుతాయి. గురువారం పారిస్ నుంచి కూరల వ్యాను వస్తుంది. ఆ రోజు నేను పొద్దుటి షిఫ్టు వేయించుకుంటాను, తిండి మీద అంత యావ మరి.

నీ కబురు చెప్పగానే కొట్లో అందరూ ఎగిరి గంతేశారు.

నీ ఫోటో పంపు. నీ పెళ్ళాం సెంగ్‌దావ్‌ది కూడా. ఆరోగ్యం గురించి ఒక్క ముక్కా రాయలేదేం?

అక్క
బువాకెవ్


సవన్నఖేత్
3 మే 1992

అక్కకు,

ఫోటో తీయించుకోవడానికి సెంగ్‌దావ్ నన్ను బజారుకు నడిపించుకుపోయింది. ఫోటోగ్రాఫరు నన్ను చూసి "తాతా, నవ్వు" అన్నాడు. నాకు నలభై నాలుగు. ఆ ఫోటో చించేశాను, మంచిది తీయించాక పంపుతాను.

బావ పోయాడంటే నమ్మబుద్ధి కావడం లేదు. నాకు సైకిలు నేర్పింది ఆయనే. నేర్పాడంటే, వెనక నుంచి తోసి వదిలేశాడు.

ఆరోగ్యం గురించి అడిగావు. పొట్టలో నీరు పడుతోంది. కళ్ళు పచ్చబడ్డాయి. పచ్చి చేప తినడం వల్ల కాలేయంలో పురుగు చేరిందన్నాడు డాక్టరు. ఇక తినకూడదట. ఈ నది ఒడ్డున పుట్టిన మనిషితో పచ్చి చేప తినకు అని చెప్పడానికి ఆయనకు నోరెలా వచ్చిందో. శిబిరంలో ఉన్నప్పుడు దొరికిన ప్రతి చేపా పచ్చిదే తిన్నాం, పొయ్యి వెలిగిస్తే పక్కవాడు వాసన పట్టి వాటాకొస్తాడని.

ఒక మాట అడుగుతాను. "మళ్ళీ ఒరే అని పిలుస్తాననుకోలేదు" అని రాశావు. అంటే నేను పోయాననుకున్నావా? ఎవరైనా చెప్పారా?

కోపంతో అడగడం లేదు. నాకు తెలియాలి, అంతే. అక్కడ శిబిరంలో కొందరి ఇళ్ళల్లో వాళ్ళు బతికుండగానే కర్మలు చేసేశారని కబురొచ్చేది. ఆ కబురు విన్నవాడు నెల తిరక్కుండా మంచం పట్టేవాడు. నేను మాత్రం మా అక్క అలా చెయ్యదు అనేవాణ్ణి. దాని నోరు చెడ్డది గానీ మనసు మొండిది అనేవాణ్ణి.

కొట్టు కబుర్లు ఇంకా రాయి. నడుమ ఈగలు అన్నదగ్గర సెంగ్‌దావ్ చాలా రోజుల తర్వాత నవ్వింది.

తమ్ముడు
ఇన్‌పెంగ్


ఓర్లేయాన్
12 జూలై 1992

ఒరే తమ్ముడూ,

పిచ్చి ప్రశ్నలు వెయ్యకు. ఒక్క రోజు కూడా అనుకోలేదు. ఎవరెవరో ఏవేవో కూశారు, నేను చెవిన పెట్టలేదు. సరేనా? ఇంకెప్పుడూ అడక్కు.

పొట్టకు మందులు కొన్నాను, ఉదోన్ వెళ్తున్న పెద్దమ్మ మొగుడి చేత పంపుతున్నాను. నది దాటించి నీ చేతికి అందించే మనిషి ఉన్నాడట. మందు వేసుకున్నన్నాళ్ళూ పచ్చి చేప ముట్టావో, వచ్చి వీపు విమానం మోత మోగిస్తాను.

నిజంగానే వస్తాను. కొత్త సంవత్సరానికి, ఏప్రిల్‌లో. సెలవు అడిగాను, ఇస్తామన్నారు. నా చేత్తో నీ మణికట్టుకు దారం కట్టి, నీ ఒంట్లోంచి జారిపోయిన ప్రాణాలన్నిటినీ పేరుపేరునా వెనక్కి పిలుస్తాను. అప్పటిదాకా ఒళ్ళు జాగ్రత్త.

కొట్టు కబుర్లు అడిగావు కదా. మొన్న గురువారం వ్యానులో పచ్చి బొప్పాయిలు ఆరే వచ్చాయి. మేం తొమ్మండుగురం. వియెంగ్ అని ఒకత్తి ఉంది, రాజధాని వియెంతియాన్ మనిషి, మనమంటే అడవిలోంచి వచ్చామని దాని ఉద్దేశం. నేను చెయ్యి వేసిన బొప్పాయి మీదే చెయ్యి వేసింది.

"వదిలెయ్ బువాకెవ్, మీవైపు వాళ్ళకి బొప్పాయి దంచడం చేతకాదు. చేపల కంపు తప్ప రుచేముంటుంది?"

"మీవైపు వాళ్ళు అందులో పంచదార పోస్తారు. అది కూరా, పాయసమా?"

ఒన్సా పెద్దమ్మ కత్తి తీసుకొచ్చి బొప్పాయిని అడ్డంగా నరికి చెరో ముక్కా విసిరింది. "గింజలెక్కువున్న వైపు ఎవరికి వస్తే వాళ్ళదే ఓటమి, ఇంక నోళ్ళు ముయ్యండి" అంది. గింజలు నాకే వచ్చాయి.

సోయికూర ఆఖరి కట్ట మాత్రం పెద్దమ్మ నా కోసం దాచి ఉంచుతుంది. ఎప్పటినుంచో అంతే.

అక్క


సవన్నఖేత్
28 సెప్టెంబరు 1992

అక్కకు,

మందులు అందాయి. నాలుగు రోజులు బాగున్నట్టు అనిపించింది. తర్వాత జ్వరం. ఏటా పోయినవాళ్ళకు కూడు పెట్టే బుట్టల పండగ నెలలో నాకు జ్వరం రావాల్సిందే. శిబిరంలో కూడా అంతే, చివరి నాలుగైదేళ్ళూ వదలకుండా వచ్చింది. వానాకాలం కదా, అందరికీ వస్తుంది.

ఈసారి జ్వరంలోనే గుడికి వెళ్ళాను. అమ్మకు ఒకటి, నాన్నకు ఒకటి, నీ ఉత్తరం చూశాక బావకు ఒకటి, మూడు బుట్టలు పెట్టాం. గురువుగారు చీటీ తీసి బుట్ట మీది పేరు పైకి చదువుతుంటే సెంగ్‌దావ్ నన్ను మోచేత్తో పొడిచింది. "మీ అక్క పేరు ఏ ఏడూ రాయలేదు, మంచిదయింది" అంది.

నీకు చెప్పలేదు. నేను విడుదలై వచ్చినప్పుడు ఇంటి పక్క వాళ్ళు నువ్వూ బావా నది దాటి పారిపోతూ ఎక్కిన పడవ నది మధ్యలో తిరగబడిందన్నారు. కాల్పుల శబ్దం విన్నామన్నారు. నీ చెప్పు ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చిందని కూడా అన్నారు. ఆ ఏడు పండక్కి సెంగ్‌దావ్ మూడో బుట్ట కట్టింది. పేరు రాసే చీటీ, పెన్నూ నా ముందు పెట్టింది. బుట్ట మీద పేరు రాశామంటే ఆ మనిషి పోయినట్టు మన చేత్తో మనమే ఒప్పుకున్నట్టు కదా. నేను రాయలేదు. "మీ అక్క ఆకలితో ఉంటే? ప్రేతమై తిరుగుతుంటే?" అని సెంగ్‌దావ్ ఏడ్చింది. ఉంటే ఉండనీ అన్నాను. బతికున్నదానికి చచ్చినవాళ్ళ కూడు పెట్టడం కంటే, చచ్చినదాన్ని ఆకలితో ఉంచడం నయం అన్నాను.

ఎంత రాయిగుండె అని ఊళ్ళో నన్ను తిట్టుకున్నారు. ఇప్పుడు నీ ఉత్తరాలు పట్టుకెళ్ళి అందరికీ చూపిస్తున్నాను. అక్కడ మా అక్కకీ చెప్పారు, అదీ నమ్మలేదు, మాది ఒకటే రక్తం అంటున్నాను. ఈ మధ్య ఇంతకంటే సంతోషం నాకు లేదు.

చెయ్యి నొప్పిగా ఉంది. ఆపేస్తాను.

ఇన్‌పెంగ్


ఓర్లేయాన్
15 నవంబరు 1992

ఇన్‌పెంగ్,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. ఈసారి చింపే లోపల పోస్టు చేస్తాను.

నీకు అబద్ధం చెప్పాను. నేను నమ్మాను.

1983 వేసవి. థాయ్‌లాండ్ కాందిశీకుల శిబిరం నుంచి కొత్తగా వచ్చిన ఒకతను ఒన్సా పెద్దమ్మ కొట్లో నూడుల్స్ కొంటున్నాడు. మాటల్లో మన ఊరి పేరు వచ్చింది. "ఇన్‌పెంగ్ తెలుసా?" అన్నాను. "ఎందుకు తెలీదు, పాఠాల శిబిరంలో ఆయన గొయ్యి నేనే తవ్వాను" అన్నాడు. నీ బుగ్గ మీద మచ్చ సంగతి కూడా చెప్పాడు. ఎవడి గొయ్యి తవ్వాడో, ఏ మచ్చ చూశాడో ఆ పాపాత్ముడు! నేను బస్తాల మీద కూలబడిపోయాను. పెద్దమ్మ గల్లాపెట్టె వదిలేసి వచ్చి నన్ను ఒళ్ళోకి తీసుకుంది. ఆ రోజు కొట్టు మూసేశారు. ఆ సెప్టెంబరులో నీ పేర బుట్ట పెట్టాను. నా చేత్తోనే పేరు రాశాను. నీకిష్టమని అరటాకు పొట్లాలు రెండు ఎక్కువ పెట్టాను. అలా తొమ్మిదేళ్ళు.

ఇంతే అయితే నీ కాళ్ళ మీద పడి చెప్పేసేదాన్ని. అసలు తప్పు తర్వాత చేశాను.

నీ ఉత్తరం వచ్చినట్టు కొట్లో ఎవరికీ చెప్పలేదు. అందరూ ఎగిరి గంతేశారని రాశాను చూడు, అది కూడా అబద్ధమే. మందులు కూడా ఎవరో బంధువుకని చెప్పి పంపాను. ప్రతి గురువారం చెబుదామనే వెళ్ళాను. గడప దాటాక సరుకులు కొనుక్కుని తిరిగొచ్చేసేదాన్ని. తొమ్మిదేళ్ళుగా అక్కడ నేను తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషిని. సోయికూర దాచిపెట్టేది అందుకే. వియెంగ్ కూడా ఆ నెల మాత్రం నాతో పోట్లాడదు. బతికున్నవాడికి తద్దినం పెట్టిందని నలుగురూ నవ్వుతారని భయం. నవ్వు కాదు, అసహ్యించుకుంటారని. వచ్చే వారం, వచ్చే వారం అనుకుంటూ ఆరు నెలలు గడిపాను.

బుట్టలు కొట్లోనే కడతారు. పెద్దమ్మ దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది, ఎవరింటి తరఫున ఏ పేర్లో అందులో ఉంటాయి. ఏటా నిరుటి పేజీ చూసి కొత్త పేజీలోకి ఎక్కిస్తుంది. పేర్లు కలుస్తాయే గానీ తగ్గవు కదా. ఆగస్టు చివరి గురువారం వ్యాను ఆలస్యంగా వచ్చింది. పదిమంది ఆడవాళ్ళం ఒకరి మీద ఒకరం. తలల మీదుగా పెద్దమ్మ కేకేసింది.

"బువాకెవ్, నీవి ఎప్పటివే కదే? నాలుగే కదా?"

నా చేతిలో తులసి కట్టలున్నాయి. నా భుజానికున్న సంచిలో నీ ఉత్తరం ఉంది.

"ఊఁ" అన్నాను.

అంతే ఇన్‌పెంగ్. ఊఁ అన్నాను. తర్వాత రెండు వారాలు టైముంది. వెళ్ళి ఒక్క పేరు కొట్టేయించుకోవచ్చు. వెళ్ళలేదు. పండగ రోజు గుళ్ళో గురువుగారు చీటీ తీసి, అమ్మ పేరు చదివారు, నాన్న పేరు, మీ బావ పేరు. తర్వాత నీ పేరు. నీ పేరు వినగానే అందరూ నా వైపు జాలిగా చూశారు. పెద్దమ్మ నా వీపు నిమిరింది. నేను చేతులు జోడించి కూర్చున్నాను.

నాకు తెలిసి తెలిసీ నిన్ను చంపుకున్నాను. నెల దాటాక నీ ఉత్తరం వచ్చింది, పండగ నెలలో జ్వరం అని. ఇంకా నువ్వు నా పేరు రాయలేదని.

గురువుగారిని అడిగాను, ఎవరి సంగతో అన్నట్టు. మనసులో చెడు లేకపోతే దోషం లేదమ్మా అన్నారు. నా మనసులో ఏముందో ఆయనకేం తెలుసు?

తిట్టు. నన్ను ఎన్నయినా అను. కానీ రాయి. ఏప్రిల్‌లో నన్ను గడప తొక్కనిస్తావా లేదా, ఆ ఒక్కటీ రాయి. నువ్వు రావద్దంటే టిక్కెట్టు కొనను.

బువాకెవ్


సవన్నఖేత్
6 జనవరి 1993

బువాకెవ్ వదినగారికి,

నేను సెంగ్‌దావ్‌ను. మనం ఒకరినొకరం చూసుకోలేదు. ఆయన ఇక రాయలేరు. చూపు మసకేసింది, కూర్చోబెడితే ఒరిగిపోతున్నారు. మీ ఉత్తరాలు నేనే చదివి వినిపిస్తున్నాను.

మీ నవంబరు ఉత్తరం వచ్చింది. పొద్దున్నే వచ్చింది. ఆయన నిద్రపోతున్నారని ముందు నేను చదువుకున్నాను. అదృష్టం.

ఆయన లేచి "అక్క ఏం రాసింది?" అన్నారు. బాగా చలిగా ఉందట, కొట్లో చింతపండు వచ్చిందట అన్నాను. "ఇంతేనా? అంత లావు కవరుకి?" అన్నారు. నాకు మీలా కబుర్లు చెప్పడం రాదు వదినా. వియెంగ్ మళ్ళీ పోట్లాడిందట అన్నాను. నవ్వారు.

ఆ కాగితాలు పొయ్యిలో పెట్టేశాను. మీరు కోపగించుకోకండి.

మీ మీద నాకు కోపం లేదంటే అబద్ధమవుతుంది. ఆ జ్వరాలకీ మీ బుట్టలకీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. నేను చదువుకున్నదాన్ని కాదు. రాత్రంతా ఆలోచించాను, తెల్లారేసరికి ఆలోచించడం మానేశాను. డాక్టరు నెలలు చెప్పడం లేదు, వారాలే చెబుతున్నాడు. కొత్త సంవత్సరం దాకా ఉంటారో లేదో. ఇంట్లోకి ఎవరొచ్చినా ఆయన చెప్పేది ఒకటే మాట. నేనూ మా అక్కా ఒకరి పేరు ఒకరం రాయలేదు, అందుకే ఇద్దరం మిగిలాం అంటారు. లేచి కూర్చోలేని మనిషి ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం తల ఎత్తుతారు. దాన్ని ఆయన దగ్గర నుంచి నేను లాక్కోలేను. మీరూ లాక్కోవద్దు.

క్షమించమని మీరు అడగాల్సిన మనిషికి ఈ సంగతి తెలియకూడదు. అది మీరే మోసుకోవాలి. మీకు కష్టమే, నాకు తెలుసు.

ఆయన అడిగే ప్రశ్న ఒకటి ఉంది. ఇక్కడి పండగ సంగతి తను రాసినా, అక్కడ అక్క ఏం చేసిందో రాయలేదు, ఎన్ని బుట్టలు పెట్టిందో అడుగు అంటున్నారు. రోజూ అడుగుతున్నారు. నేను పైకి చదవగలిగిన ఉత్తరం ఒకటి రాయండి.

రండి వదినా. మీరు రావద్దని నేను అనను.

సెంగ్‌దావ్


ఓర్లేయాన్
31 జనవరి 1993

సెంగ్‌దావ్,

ఈ కాగితం నీకు మాత్రమే. రెండోది ఆయనకు చదువు.

నువ్వన్నట్టే చేస్తాను. నా బరువు దించుకోవడానికి ఆ ఉత్తరం రాశాను. దించుకుంటే ఎవరి నెత్తిన పడుతుందో చూసుకోలేదు. నీకు దండం పెడతాను.

మొన్న గురువారం కొట్లో అందరి ముందూ చెప్పేశాను. నీ ఉత్తరం చేతిలో పట్టుకునే చెప్పాను, లేకపోతే మళ్ళీ సరుకులు కొనుక్కుని వచ్చేసేదాన్ని. ఎవరూ నవ్వలేదు. ఒన్సా పెద్దమ్మ నోటుపుస్తకం తీసి ఆ పేజీ మొత్తం చించేసింది. "నా చేత కూడా చేయించావు కదే" అంది. చాలాసేపు నా వైపు చూడలేదు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నిన్న వెళ్తే సరుకులు కట్టి ఇచ్చింది గానీ నోరు విప్పలేదు. వియెంగ్ నా వెంట బస్‌స్టాపు దాకా వచ్చింది. బస్సు వచ్చేదాకా నిలబడింది.

మార్చి పన్నెండుకు టిక్కెట్టు దొరికింది. అంతకంటే ముందు లేదు. ఈలోగా ఏదైనా అయితే కొట్టుకు ఫోను చేయించకు. వేరేవాళ్ళ నోట ఇంకోసారి వినలేను. నువ్వే రాయి. నువ్వు రాస్తే నమ్ముతాను.

బువాకెవ్


ఒరే ఇన్‌పెంగ్,

సెంగ్‌దావ్‌ను నెమ్మదిగా చదవమను. నువ్వు మధ్యలో అడ్డం రాకు.

మొన్న గురువారం కొట్టుకు వెళ్ళాను. చలికి వ్యాను రెండు గంటలు ఆలస్యం. లోపల కాళ్ళు పెట్టే చోటు లేదు. పెద్దమ్మ మొగుడు హీటరు తన కుర్చీ కింద పెట్టుకుని, మమ్మల్ని మాత్రం "ఉక్కపోస్తోందా?" అని అడుగుతాడు. నీ కోసం ఎండు దున్నపోతు తోలు కొన్నాను, కాల్చి దంచి పచ్చడి చేస్తాను. అది చేపా కాదు, పచ్చిదీ కాదు, మీ డాక్టరు నోరెత్తడానికి లేదు. బొప్పాయి కూడా దొరికింది. ఈసారి గింజలు వియెంగ్‌కు వచ్చాయి. దాని మొహం నువ్వు చూడాల్సింది!

నేను మార్చిలోనే వస్తున్నాను. ఏప్రిల్ దాకా ఎవరు ఆగుతారు? నీ పెళ్ళాం నాకు పక్క ఎక్కడ వేస్తుందో ఇప్పుడే చెప్పమను. నేను గురక పెడతాను, ముందే చెబుతున్నా.

పండక్కి ఎన్ని బుట్టలు పెట్టానని అడిగావట. ఇది కూడా అడగాలా? మూడు. అమ్మకు, నాన్నకు, మీ బావకు. పెద్దమ్మ పుస్తకం తెరిచి పేర్లు చెప్పమంది. చెప్పాను. కొట్టు నిండా జనం. "అంతేనా బువాకెవ్, ఇంకెవరూ లేరా?" అని అరిచింది.

"అంతే పెద్దమ్మా" అన్నాను. "మా తమ్ముడు బతికే ఉన్నాడు."

అక్క